గొడ్డలితో పాటు ఒకరు

మా జిల్లాలో మంచు కురవదు. ధనుర్మాసంలో తెల్లారగట్ల గోదారి మీద తెల్లగా లేచేదాన్ని మంచనే అంటాం గానీ, దాన్ని కొట్టడానికి గొడ్డలి కావాలని ఇంతవరకూ ఎవరూ అర్జీ పెట్టలేదు. అలాంటి జిల్లాకి మంచుగొడ్డలి ఎంపిక కమిటీ అని ఒకటి ఉంది. అందులో నేను సాంకేతిక సభ్యురాలిని. బాలికల గురుకుల కాలేజీలో పిల్లల చేత ఖోఖో ఆడించడం నా సాంకేతిక అర్హత.

కథ పక్క జిల్లాలో మొదలైంది. అక్కడి హాస్టలు కుర్రాడొకడు ఎక్కడో హిమాలయాల్లో కొండెక్కి జెండా పట్టుకున్నాడు. ఆ ఫోటో పేపర్లో పడింది. ఫోటో మూల గుండ్రటి గడిలో ఆ జిల్లా అధికారి మొహం కూడా పడింది. కుర్రాడి సంగతి ఎవరికీ పట్టలేదు గానీ, ఆ గుండ్రటి గడి చూసి రాష్ట్రంలో ఉన్న అధికారులందరికీ నిద్ర పట్టలేదు. నెల తిరక్కుండా 'జిల్లాకో శిఖరం' అని పథకం వచ్చేసింది. చేపల శాఖ వాళ్ళు కూడా తమ తరఫున ఒకణ్ణి కొండెక్కిస్తామని ముందుకొచ్చారు. చేపలకీ కొండకీ ఏం సంబంధమని అడిగితే, సముద్రమట్టం నుంచే కదా ఎత్తు కొలిచేది అన్నారట. వాళ్ళ తెలివికి జోహార్లు.

మా వంతుకి పల్లాల నాగవేణి దొరికింది. ఇంటరు రెండో ఏడు. ఏజెన్సీలో కొండ మీది గూడెం వాళ్ళది. ఎంపిక పోటీలు పెట్టిన రోజున మా జాయింట్ డైరెక్టరు వెలిదండ మార్తాండరావు గారు గుట్ట కింద నిలబడి సాహసం గురించి ఉపన్యసిస్తూ ఉంటే, ఆయన రెండో కాగితం తిప్పేలోగా ఈ పిల్ల పైకెళ్ళి, కిందికొచ్చి, వరసలో నిలబడింది. ఉత్తరాదిన ఒక శిక్షణ సంస్థ చలికాలపు కోర్సులో మాకిచ్చింది ఒకటే సీటు. అది ఆమెకే వచ్చింది. మరుసటి ఏడుకి కాలేజీ దాటిపోతుంది కాబట్టి, వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి, లేకపోతే లేదు.

సంస్థ వాళ్ళు పంపిన ఉత్తరం చివర్న ఒక ముక్క ఉంది. నడకకీ, ఎక్కడానికీ రెండిటికీ పనికొచ్చే మామూలు ఐస్ యాక్స్ ఉంటే వెంట తెచ్చుకోవచ్చు అని. 'ఉంటే' అన్న మాట మా ఆఫీసులో ఎవరి కళ్ళకీ ఆనలేదు.

నేను ఆ కొండప్రాంతంలోని ఒక దుకాణానికి ఫోను చేశాను. నా హిందీ ఎప్పుడో ప్రచార సభ పరీక్షల కోసం చదివిన హిందీ. అయినా ఆయన ఓపిగ్గా చెప్పాడు. తలకి ఒకపక్క పొడుగాటి ముక్కు, రెండోపక్క మంచులో మెట్లు చెక్కడానికి చిన్న పార, కర్ర కింద ములుకు. తల ఉక్కుది కావాలి. మరీ తేలికదైతే గట్టి మంచులో దిగదు. కాడ తిన్నగా ఉంటే ఊతకర్రలా బాగుంటుంది గానీ నిటారు మంచు మీద కొట్టేటప్పుడు వేళ్ళు నలుగుతాయి. మరీ వంపుంటే నడవడానికి పనికిరాదు. అన్నిటికీ ఒకటే కావాలనుకుంటే, పైన కొంచెం వంపున్నది తీసుకోండి. మనిషి నిలబడి, తలకాయ దగ్గర పట్టుకుని చెయ్యి కిందికి వదిలేస్తే ములుకు చీలమండ పైదాకా వస్తే చాలు. జారిపడ్డప్పుడు దాని మీద బోర్లా పడి, ముక్కు మంచులో దిగ్గొట్టి ఆగాలి, ప్రాణం దాని మీదే ఉంటుంది అన్నాడు.

గ్రౌండులో నాగవేణిని నిలబెట్టి హాకీ కర్రతో కొలిచాం.

"ఇదిగో మేడం, ఇక్కడికి కోసేస్తే నాకు సరిపోద్ది," అంది.

"కర్ర కొయ్యకే తల్లీ, అది కూడా స్టాకు రిజిస్టర్లో ఉంది," అన్నాను.

ఆ సాయంత్రమే నా ఫోనులో నాలుగు నొక్కులు నొక్కితే వారం తిరిగేలోగా గొడ్డలి ఇంటికొచ్చి పడేది. కానీ ప్రభుత్వానికి కావలసింది సొంత ఫోనులో కొంటే దాన్ని చొరవ అనరు, అవకతవక అంటారు. అందుకని అరపేజీ నోటు రాసి పైకి పంపాను. బుద్ధి గడ్డి తిని పంపాను.

ఆ నోటు మీద వేసిన కమిటీ మొదటి మీటింగుకి మార్తాండరావు గారు శాలువా కప్పుకొచ్చారు. అంశానికి తగిన వాతావరణం కోసం ఏసీ బాగా పెంచారు. ఆయన పక్కన అకౌంట్స్ ఆఫీసరు అలివేలు గారు. రూల్సు పుస్తకం ఆవిడకి కంఠతా వచ్చు. ఆ పక్కన స్టోర్స్ సూపరింటెండెంటు పుచ్చా విశ్వపతి గారు. మా ఆఫీసులో చీపురుకట్ట నుంచి జీపు దాకా అన్నీ ఆయన సంతకం మీదే ఉంటాయి. పాపం భయస్థుడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఒక్క వస్తువూ పోకుండా కాపాడుకొచ్చి, ఇంకొన్నాళ్ళలో మచ్చలేకుండా రిటైరవుదామని రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

మార్తాండరావు గారు నా నోటుని రెండు వేళ్ళతో పట్టుకుని, "మేడం గారూ, మీరు ఒక వ్యక్తిని దృష్టియందుంచుకుని కొలత ప్రతిపాదించారు. ప్రభుత్వం వ్యక్తికి కొనదు. లబ్ధిదారుకి కొంటుంది," అన్నారు.

"లబ్ధిదారు ఆ అమ్మాయే కదండీ?"

"నేడు ఆ అమ్మాయి. రేపు?"

రేపు ఎవరో నాకూ తెలియదు, ఆయనకీ తెలియదు. రేపటి లబ్ధిదారు ఎవరైనా కావచ్చు కనక, జిల్లాలోని హాస్టళ్ళలో ఉన్న ఆడపిల్లలందరి ఎత్తూ కొలిచి సగటు తియ్యాలని తీర్మానించారు. టేపులు పట్టుకుని సిబ్బంది బయల్దేరారు. మూడో తరగతి పిల్లల్ని గోడకి నిలబెట్టి కొలిచారు. మధ్యలో ఎవరో, భవిష్యత్తులో సిబ్బందికి కూడా అవకాశం రావచ్చు కదా అంటే, వార్డెన్లనీ వంటమనుషుల్నీ కూడా కొలిచారు. ఒక హాస్టల్లో కొలతకి నిలబడిన వంటావిడ ఇదేదో రిటైర్మెంటు పరీక్ష అనుకుని మడమలెత్తి నిలబడిందట. అన్నీ కూడి భాగిస్తే వచ్చిన గొడ్డలి పొడుగు చూసి నాగవేణి పగలబడి నవ్వింది.

"ఇది మా చెల్లికి సరిపోద్ది మేడం. పుల్లలేరుకోడానికి పట్టుకెళ్తాది."

ఈ మాటే కొంచెం మర్యాదగా రెండో మీటింగులో చెప్పాను. అలివేలు గారు ఆలోచించి, "అయితే గొడుగు కాడలాగా సాగేది కొందాం. చిన్నపిల్లకి చిన్నది, పెద్దపిల్లకి పెద్దది. ఆడిటుకీ జవాబుంటుంది," అన్నారు.

"సాగే కాడ మీద మనిషి బరువు పడితే లోపలికి పోతుందండీ. జారి పడ్డప్పుడు దాని మీదే కదా ఆధారపడాలి!"

మార్తాండరావు గారు కళ్ళు మూసుకుని, తెరిచారు. "పడరాదని శిక్షణార్థులకు ముందస్తు సూచన జారీ చేద్దాం," అన్నారు. అది మినిట్సులో రాసుకున్నారు కూడా.

ఆ సాగే గొడ్డలికి టెండరు పిలిస్తే ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిస్తే ఒకే ఒక్క కంపెనీ వచ్చింది. వాళ్ళ దగ్గర ఉన్నది ఒకే రకం, ఒకే సైజు. ఉక్కు తల, పైన కొంచెం వంపు, సాగని కాడ. వేరే దారి లేక ఒప్పుకున్నారు. తెప్పించి చూస్తే అది నాగవేణికి కొలిచి చేసినట్టు సరిపోయింది. మా శాఖలో సరైన పని ఎప్పుడైనా జరిగిందంటే ఇలాగే జరుగుతుంది.

నేను సంబరపడి స్వీట్లు కూడా తెచ్చాను. అప్పుడు అలివేలు గారు ఫైలు మీద ఒక ప్రశ్న రాశారు. 'సదరు గొడ్డలి ఏటా ఒక్క నెల మాత్రమే వినియోగమగును. మిగిలిన పదకొండు నెలలు నిరుపయోగముగా ఉంచుటకు కారణమేమి?' ఆవిడ ప్రశ్నలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. మా జిల్లాలో పనిలేకుండా ఉండే హక్కు వస్తువులకి లేదు.

దాంతో మిగతా శాఖల వాళ్ళని పిలిచి, మీకేమైనా పనికొస్తుందేమో చూసుకోండన్నారు. ఉద్యానశాఖ వాళ్ళు మొక్కల గోతులు తవ్వి చూసి, పార మరీ చిన్నదన్నారు. మునిసిపాలిటీ వాళ్ళు డ్రైనేజీ మూత ఎత్తి చూసి, ముక్కు బ్రహ్మాండంగా ఉంది, మాకే ఇచ్చెయ్యండన్నారు. ప్రోటోకాల్ సెక్షను వాళ్ళు ప్రముఖులు వచ్చినప్పుడు కొబ్బరికాయ కొట్టడానికి వాడి చూశారు. కాయ ఒక్క దెబ్బకే పగిలింది గానీ, చెక్కలు సమానంగా రాలేదని, అది అతిథికి అరిష్టమని వెనక్కిచ్చేశారు. ఇంత జరిగినా గొడ్డలి చెక్కుచెదరలేదు. దాని ఓర్పు నాకుంటే బాగుండేది. కోర్సు మొదలయ్యే రోజు దగ్గరపడుతోంది, నాగవేణి రోజూ బడిగంట కన్నా ముందే లేచి గ్రౌండు చుట్టూ ఇటుకల సంచీ మోసుకుంటూ పరిగెడుతోంది, గొడ్డలేమో ఊళ్ళో కొబ్బరికాయలు కొడుతోంది.

ఇంకొక్క గండం మిగిలింది. ఏ పరికరాన్నైనా అది వాడే పరిస్థితుల్లో పరీక్షించి చూశాకే స్టాకులోకి తీసుకోవాలని రూలు. మార్తాండరావు గారు "క్షేత్రస్థాయి పరీక్ష" అన్నారు. క్షేత్రమంటే మంచు. మంచంటే మా ఊళ్ళో చేపల రేవు దగ్గరున్న ఐసు ఫ్యాక్టరీ.

ఫ్యాక్టరీ యజమాని బులిసెట్టి గారిని పిలిపించి, స్టేడియం గ్యాలరీ మెట్ల మీద కింది నుంచి పైదాకా ఐసు దిమ్మలు పేర్చి కొండలా చెయ్యాలని చెప్పారు.

"పెళ్ళికాండీ?" అన్నాడాయన.

"ప్రభుత్వ పరీక్ష నిమిత్తం."

"మరి అందులో చేపలెక్కడ పెడతారండీ?"

చేపలుండవని చెప్పాక ఆయన మనసు కష్టపెట్టుకున్నాడు గానీ దిమ్మలు పంపాడు. నిన్నటి దాకా చేపలతో కాపురం చేసిన దిమ్మలు. కరక్కుండా ఊక చల్లారు. పొద్దు బారెడెక్కేసరికి ఎండ చుర్రుమంటోంది. కొండ కరిగి గ్యాలరీ కింద కాలవలా పారుతోంది. ఊళ్ళో ఉన్న కాకులూ పిల్లులూ అన్నీ ప్రేక్షకుల వరసల్లో కొలువు తీరాయి. క్షేత్రస్థాయి అన్నారు కాబట్టి కమిటీ అంతా స్వెట్టర్లూ మంకీ టోపీలూ వేసుకుని చెమటలు కక్కుతున్నాం.

నాగవేణి గొడ్డలి తీసుకుని కొండ అడుగున నిలబడింది. మార్తాండరావు గారు ఆమెని ఆపి, "తొలి అడుగు శాఖాధిపతిది," అని, ఫోటోగ్రాఫరు వైపు చూస్తూ, బాటా చెప్పులతో పైకెక్కారు. సగం దాకా బాగానే ఎక్కారు. అక్కడ మొహం పక్కకి తిప్పి నవ్వారు. నవ్వు పూర్తి కాకుండానే జారారు. వెల్లకిలా, శాలువాతో సహా, గ్యాలరీ కిందున్న సిమెంటు గట్టు వైపు దూసుకొస్తున్నారు. మేమంతా "సార్, సార్" అని అరిచాం. అది తప్ప మాకేం చేతకాదు. నాగవేణి ఒక్క గెంతు గెంతి ఐసు మీద బోర్లా పడి, ఒక చేత్తో ముక్కు దిమ్మలోకి దిగ్గొట్టి, రెండో చేత్తో ఆయన శాలువా అంచు పట్టేసుకుంది. గట్టు ఇంకో జానెడు దూరంలో ఉందనగా ఇద్దరూ ఆగారు.

ఆ పిల్లని చూసి అంత గర్వం నాకెప్పుడూ కలగలేదు.

అలివేలు గారు తేరుకుని, "ఇంకా స్టాకులోకి తీసుకోని వస్తువుని ఇండెంటు కాగితం లేకుండా వాడారు," అన్నారు.

మార్తాండరావు గారు పడుకునే, ఊపిరి పీల్చుకుని, "అత్యవసర వినియోగం కింద నమోదు గావించండి," అన్నారు. ఆయన ఒంటి నుంచి వంజరం చేపల వాసన వస్తోంది.

అలా గొడ్డలి పాసయ్యింది. విశ్వపతి గారు సంతకం చేసి దాన్ని కస్టోడియన్ హోదాలో, అంటే కాపలాదారుగా, తీసుకున్నారు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, తలకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. కాడ మీద ఎర్ర రంగుతో శాఖ పేరూ నంబరూ వేశారు. ఇక బయల్దేరడమే తరువాయి అనుకున్నాం. నాగవేణి వాళ్ళ నాన్న గూడెం నుంచి దుప్పటి కూడా పంపించాడు.

అప్పుడు మంజూరు ఉత్తర్వు వచ్చింది. 'గొడ్డలితో పాటు ఒకరు ప్రయాణించుటకు అనుమతించడమైనది.'

నేను ఎగిరి గంతేశాను. అలివేలు గారు నన్ను కూర్చోమన్నారు.

"ప్రభుత్వ పరికరం జిల్లా సరిహద్దు దాటితే కస్టోడియన్ వెంట ఉండాలి. రూలు. ఉత్తర్వులో ఒకరు అని ఉంది. కాబట్టి ఆ ఒకరు విశ్వపతి గారు."

"మరి నాగవేణి?"

"ఇద్దరు అని లేదు కదండీ."

"పోనీ నాగవేణినే కస్టోడియన్ చెయ్యండి!"

"ప్రభుత్వోద్యోగి కానివారు కస్టోడియన్ కాలేరు."

"అలివేలు గారూ, గొడ్డలి అక్కడికెళ్ళి ఏం చేస్తుందండీ?"

ఆవిడ మంచిదే. నిజంగా బాధపడుతూనే చెప్పింది. "అది సాంకేతిక సభ్యులు చెప్పాలి. నేను అకౌంట్సు."

మూల కూర్చున్న విశ్వపతి గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన బెజవాడ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. ఏసీ గదిలో కూర్చుంటేనే జలుబు చేస్తుంది. "సార్, నాకు మోకాళ్ళు..." అని మొదలుపెట్టారు. మార్తాండరావు గారు లేచి ఆయన భుజం తట్టి, "చరిత్ర మిమ్మల్ని పిలుస్తోంది," అన్నారు. చరిత్రకి మోకాళ్ళ సంగతి చెప్పుకునే ధైర్యం విశ్వపతి గారికి లేకపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కాలేజీకొచ్చి, వంటగదిలో గిన్నె నేలకేసి కొట్టి, ఆ శిక్షణ సంస్థకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అవతలాయన మొత్తం రెండుసార్లు చెప్పించుకున్నాడు. చివరికి, "అమ్మా, ఐస్ యాక్సులు ఇక్కడ కుప్పలుగా ఉన్నాయి, అద్దెకిస్తాం. మీరు మనిషిని పంపండి చాలు," అన్నాడు.

టీచర్లమంతా తలా కొంచెం వేసుకుని నాగవేణికి స్లీపరు టికెట్టు కొన్నాం. అదే రైలు. రైల్వేస్టేషన్లో గొడ్డలికి పూలదండ వేసి, మేళం పెట్టి, మార్తాండరావు గారు పచ్చజెండా ఊపారు. వెనకాల పెట్టెలో నాగవేణి ఇటుకల సంచీ ఖాళీ చేసి అందులో బట్టలు సర్దుకుని కూర్చుంది. నాకు కిటికీలోంచి చెయ్యి ఊపింది. ప్లాట్‌ఫారం మీద ఏడవకూడదనుకున్నాను గానీ ఏడిచేశాను.

తర్వాత నాకు వార్తలన్నీ విశ్వపతి గారి ఫోన్ల ద్వారానే తెలిశాయి.

"మేడం గారూ, గొడ్డలి క్షేమం."

"నాగవేణి ఎలా ఉందండీ?"

"అమ్మాయికేం, కొండముచ్చులా ఎక్కేస్తోంది. ఇక్కడ నా ముక్కుందో ఊడిందో తెలియట్లేదు. తడుముకుని చూసుకుంటున్నాను."

మూడు రగ్గులు తాను కప్పుకుని, నాలుగోది గొడ్డలికి చుట్టి, ఆయన బేస్ క్యాంపు గదిలో కూర్చున్నారు. గొడ్డలి కస్టోడియన్ చూపు దాటి పోకూడదు. కస్టోడియన్ గుమ్మం దాటలేడు. కాబట్టి గొడ్డలీ గుమ్మం దాటలేదు. ఒకరోజు శిక్షకుడొచ్చి, ఒక కుర్రాడి గొడ్డలి విరిగింది, మీది ఈ పూటకివ్వండి అంటే, ఇండెంటు తెమ్మన్నారట. శిక్షకుడు ఆయన్ని పైనించి కిందిదాకా చూసి, ఆయనకి జ్వరమేమో అనుకుని మాత్ర ఇచ్చి వెళ్ళాడట.

మరోరోజు ఫోనులో ఆయన గొంతు మెత్తగా ఉంది. "మేడం గారూ, ఈ పిల్ల పొద్దంతా మంచులో పడి లేచి వచ్చి, తన టీ నాకిచ్చి, 'మాస్టారూ, కాళ్ళు ఇటు పెట్టండి' అని వేణ్ణీళ్ళ సీసా పెడుతోందండీ. మా ఇంట్లో కూడా నన్నిలా ఎవరూ అడగరు."

చివరి రోజున నాగవేణి అద్దె గొడ్డలితో శిఖరం ఎక్కింది. పై శ్రేణిలో పాసయిందని సంస్థ సర్టిఫికెట్టిచ్చింది. విశ్వపతి గారు ఇదంతా కిటికీ అద్దం తుడుచుకుంటూ చూశారు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి పేపర్లో వార్త సిద్ధంగా ఉంది. 'శిఖర శిక్షణ పూర్తి గావించిన జిల్లా మంచుగొడ్డలి.' మూల గుండ్రటి గడిలో మార్తాండరావు గారు. నాగవేణికి మాత్రం మెమో ఎదురొచ్చింది. అనుమతి లేకుండా ఇన్నాళ్ళు గైర్హాజరైనందున హాజరు చాలదు, పబ్లిక్ పరీక్షలకి కూర్చోనివ్వం అని. ఏడాది చదువు గంగలో కలిసినట్టే. వాళ్ళ గూడెంలో ఇంటరు దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల అది.

సర్టిఫికెట్టు పట్టుకుని పరిగెత్తాను. మార్తాండరావు గారు దాన్ని వెలుతురుకెత్తి చూసి, "ఇది ప్రైవేటుగా వెళ్ళిన వ్యక్తికి ఇచ్చినది. మన జిల్లా తరఫున అక్కడికి వెళ్ళినది గొడ్డలి, కస్టోడియన్. ఆ అమ్మాయి శాఖ పని మీద అక్కడున్నట్టు కస్టోడియన్ నివేదికలో లేదే?" అన్నారు.

నివేదికలో ఎలా ఉంటుంది? గొడ్డలి క్షేమంగా ఉందని రాశారు విశ్వపతి గారు, అంతే. అమ్మాయి సంగతి రాస్తే, ఆమె దేనితో ఎక్కిందని అడుగుతారు. అద్దె గొడ్డలితో అంటే, మరి మన గొడ్డలి ఏం చేసిందని అడుగుతారు. ఇంకొన్నాళ్ళలో రిటైరయ్యే మనిషి. పింఛను కాగితాలు మార్తాండరావు గారి బల్ల మీదే ఉన్నాయి. విశ్వపతి గారి దగ్గరకెళ్ళి చెయ్యిపట్టుకుని అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

సన్మాన సభ టౌన్‌హాల్లో పెట్టారు. వేదిక మధ్యలో పట్టుగుడ్డ మీద గొడ్డలి. దానికి దండ. దాని పక్కన విశ్వపతి గారు, ఆయనకీ దండ. పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నలుగురు ఆడపిల్లల్లో నాగవేణి ఒకతె. మార్తాండరావు గారు గొడ్డలి ధైర్యసాహసాల గురించి చాలాసేపు మాట్లాడి, "కస్టోడియన్ గారు తమ అనుభవాలు పంచుకోవలసిందిగా" అన్నారు.

విశ్వపతి గారు మైకు ముందుకొచ్చారు. జేబులోంచి కాగితం తీసి, చదవబోయి, పళ్ళెం పట్టుకున్న పిల్ల వైపు చూశారు. కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నారు.

"ఈ గొడ్డలి మంచు మీద కాలు పెట్టలేదండీ," అన్నారు. "కిటికీలోంచి చూసింది. నేనూ అంతే. ఎక్కింది అదిగో, ఆ పిల్ల. అద్దె గొడ్డలితో ఎక్కింది. నేను కళ్ళారా చూశాను, రాసిమ్మంటే రాసిస్తాను. నన్నేం చేసుకుంటారో చేసుకోండి, దాన్ని మాత్రం పరీక్షకి కూర్చోనివ్వండి సార్."

నేను లేచి నిలబడ్డాను, ఎందుకు లేచానో నాకే తెలియదు. అందరం మార్తాండరావు గారి వైపు చూశాం. ఆయన గొడ్డలి మీద దండ సర్దారు. తర్వాత మైకు అందుకున్నారు.

"అంతటి దుర్గమ ప్రాంతానికి తీసుకువెళ్ళి, ఒక్క గీతయినా పడకుండా ప్రభుత్వ పరికరాన్ని కొత్తదిగానే తిరిగి తెచ్చిన విశ్వపతి గారి నిబద్ధతకు..." అని చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా కొట్టింది. విశ్వపతి గారు జీవితంలో మొదటిసారి తెగించారు. దానిక్కూడా మెచ్చుకోలే దొరికింది.

చప్పట్ల మధ్యనే నేను వేదిక ఎక్కి అలివేలు గారి ముందు నిలబడ్డాను. "సాక్షి చెప్పాడు, సభంతా విన్నది. ఇప్పుడు ఈ పిల్ల హాజరు సంగతి తేలకపోతే నేనిక్కణ్ణుంచి కదలను," అన్నాను.

అలివేలు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. విశ్వపతి గారి వైపు చూశారు, నాగవేణి వైపు చూశారు. "ఉండండి, దారి ఆలోచిస్తాను," అన్నారు. రూల్సుతో తలుపులు మూసినావిడే రూల్సుతో ఒక కిటికీ తెరిచింది. ఆ దయకి నేనిప్పటికీ ఆవిడకి దణ్ణం పెడతాను. మర్నాటికి ఉత్తర్వు వచ్చింది.

'కుమారి పల్లాల నాగవేణి, సదరు మంచుగొడ్డలి పర్యటన కాలమందు, సదరు గొడ్డలికి గౌరవ సహాయకురాలిగా తోడు వెళ్ళినట్లు పరిగణించి, సదరు దినములను హాజరుగా లెక్కించడమైనది.'

నాగవేణి పరీక్షలు రాసింది. ఆఖరి పరీక్ష అయిపోయి బయటికొచ్చిన రోజున ఆ ఉత్తర్వు నకలు ఆమె చేతికిచ్చాను. కాలేజీ మెట్ల మీద కూర్చుని, వేలు పెట్టుకుని మొత్తం చదివింది. శిఖరం ఎక్కొచ్చిన పిల్లని గొడ్డలికి తోడుగా రాశారే అని నాకు కడుపు రగిలిపోతోంది. తను మాత్రం నవ్వింది.

"పోన్లెండి మేడం. ఈసారికి దానికి తోడు నేనెళ్ళాను. వచ్చే ఏడాది అది నాకు తోడు వస్తాదేమో అడగండి."

అడిగాను. కమిటీ వేశారు.